పాతర, గుమ్మి, గోదాము: కొత్తకోట ప్రాంతంలో ధాన్యపు గోడ

పాతర, గుమ్మి, గాదె అనే మాటలన్నిటికీ 'ధాన్యాగారం' అని ఒకే అర్థం చెప్పుకోవడం పరిపాటి. ఆ అర్థం వాటి గోడల భేదాన్ని చెరిపివేస్తుంది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, 2016లో వనపర్తి జిల్లాలో చేరిన కొత్తకోట ప్రాంతం ప్రధానంగా మెట్ట. ఇటువంటి మెట్టసీమల్లో జొన్నకు పాతర తగినది. 'పాతు' ధాతువుతో ముడిపడిన ఈ మాటే గోడ ఏదో చెబుతుంది: నేలే గోడ. లోపల గడ్డి పరచి, గింజలు పోసి, నోటిని మట్టితో మూస్తే గాలి తగ్గి పురుగు చస్తుంది. అయితే నీరూరే చోట పాతర పనికిరాదు. గుమ్మి గోడ వెదురు అల్లిక, దానిపై పేడమట్టి పూత. ఆ పూత తేమను పీల్చి మళ్ళీ గాలికి వదులుతుంది; ఎలుకను మాత్రం ఆపలేదు. (గాదె కింద పందికొక్కు అన్న పలుకుబడి ఊరకే పుట్టలేదు.)

జూరాల, భీమా పథకాల నీటితో ఈ ప్రాంతంలో వరిసాగు పెరిగింది. బస్తాల లెక్కన నిలువచేసే వడ్లకు ఇటుక, సిమెంటు గోడల గోదాము అవసరమైంది. ఈ గోడ ఎలుకను నిలువరిస్తుంది కాని, తగిన అడ్డుపొర లేకుంటే పునాదినుంచి చెమ్మను పైకి లాగుతుంది. అందువల్లనే గోదాములో బస్తాలను గోడకు ఆనించకుండా, చెక్కలపై, ఎడంగా పేర్చుతారు.