ఫుట్‌బాల్‌లో వీడియో తీర్పు: వెంబ్లీ నుంచి వీఏఆర్ దాకా

ఫుట్‌బాల్ మైదానంలో రిఫరీకి తోడుగా, మరో గదిలో తెరల ముందు కూర్చుని దృశ్యాలను పరిశీలించే అధికారిని వీఏఆర్ అంటారు. పూర్తి పేరు వీడియో అసిస్టెంట్ రిఫరీ. 2018 మార్చి 3న జ్యూరిచ్‌లో సమావేశమైన ఇఫాబ్ అనే అంతర్జాతీయ నిబంధనల బోర్డు ఈ పద్ధతిని ఆట నియమాల్లో చేర్చింది. దీని అవసరం మాత్రం టీవీ ప్రసారాలతోనే మొదలైంది. మైదానంలో తీర్పు చెప్పే మనిషి ఒక్కసారి, అదీ పరుగెడుతూ చూసినదాన్ని ఇంట్లో ప్రేక్షకుడు నిదానంగా మళ్లీ మళ్లీ చూడగలిగాడు. వివాదాలు ఈ తేడాలోంచే పుట్టాయి.

వాటిలో ముందుగా చెప్పుకోవలసింది 1966 జులై 30న లండన్ వెంబ్లీ స్టేడియంలో జరిగిన ప్రపంచకప్ ఫైనల్. ఇంగ్లండ్, పశ్చిమ జర్మనీ 2-2తో సమంగా ఉన్నాయి. అదనపు సమయంలో జెఫ్ హర్స్ట్ కొట్టిన బంతి గోల్ పైకమ్మికి తగిలి, గీత దగ్గర నేలను తాకి, బయటికి ఎగిరింది. స్విట్జర్లాండ్ రిఫరీ గాట్‌ఫ్రీడ్ డీన్‌స్ట్ ఎటూ తేల్చుకోలేక లైన్స్‌మన్ దగ్గరికి వెళ్లాడు. సోవియట్ అజర్‌బైజాన్‌కు చెందిన లైన్స్‌మన్ తోఫిక్ బహ్రామోవ్ గోలేనన్నాడు. ఇంగ్లండ్ 4-2తో కప్పు గెలుచుకుంది. బంతి మొత్తం గీత దాటితేనే గోల్ అన్నది నియమం. 1990లలో ఆ ఫిల్మును లెక్కగట్టి చూసిన ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బంతి పూర్తిగా దాటలేదని తేల్చారు.

ఆ తర్వాత 1986లో మెక్సికోలో ఇంగ్లండ్‌పై మారడోనా చేత్తో గోల్ వేశాడు. 2009 నవంబరులో పారిస్‌లో ఫ్రాన్స్ ఆటగాడు తియెరీ ఆన్రీ చేత్తో ఆపి అందించిన బంతి ఐర్లాండ్‌ను ప్రపంచకప్‌కు దూరం చేసింది. అయినా 2010 మార్చిలో ఇఫాబ్ గోల్‌లైన్ పరికరాలు వద్దనే తీర్మానించింది. నాలుగు నెలలైనా గడవకముందే, జూన్ 27న దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫోంటెయిన్‌లో ఇంగ్లండ్ ఆటగాడు ఫ్రాంక్ లాంపార్డ్ కొట్టిన బంతి పైకమ్మికి తగిలి గీతకు బాగా లోపల పడింది. రిఫరీ గోల్ ఇవ్వలేదు. జర్మనీ 4-1తో గెలిచింది. అంతవరకు యంత్రాలను వ్యతిరేకించిన ఫిఫా అధ్యక్షుడు సెప్ బ్లాటర్ మనసు మార్చుకున్నది అప్పుడే.

క్రికెట్ అప్పటికే చాలా ముందుంది. 1992 డర్బన్ టెస్టులో సచిన్ టెండూల్కర్‌ను రనౌట్‌గా ప్రకటించింది టీవీ తెర ముందున్న మూడో అంపైరే. అయితే క్రికెట్‌లో బంతికీ బంతికీ మధ్య విరామం ఉంటుంది, ఫుట్‌బాల్‌లో ఆట ఆగదన్నది యంత్రాలు వద్దన్నవారి వాదన. ఈ వాదనలో బలం ఉంది. అందుకే ఆటను ఆపకుండా క్షణంలో రిఫరీ చేతిగడియారానికి సంకేతం పంపే గోల్‌లైన్ పరిజ్ఞానానికి 2012 జులైలో ముందుగా అనుమతి దొరికింది. 2014 బ్రెజిల్ ప్రపంచకప్‌లో అది అమలైంది.

వీఏఆర్ ప్రయోగాల్లో చొరవ నెదర్లాండ్స్‌ది. 2016 సెప్టెంబరులో అయాక్స్, విలెమ్-2 జట్ల మధ్య కప్ మ్యాచ్‌లో వీడియో చూశాక ఒక ఆటగాడి పసుపు కార్డు ఎర్ర కార్డుగా మారింది. గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చే ఎర్ర కార్డు, ఒకరికి బదులు మరొకరిని శిక్షించడం: ఈ నాలుగింటిలోనే, అదీ స్పష్టంగా కనిపించే పొరపాటు జరిగితేనే వీఏఆర్ జోక్యం చేసుకోవాలని నియమం పెట్టారు.

2018 రష్యా ప్రపంచకప్ గ్రూపు దశలో 335 ఘటనలను పరిశీలించామని, లేకుంటే 95 శాతంగా ఉండే కచ్చితత్వం 99.3 శాతానికి చేరిందని ఫిఫా ప్రకటించింది. ఆ మార్కులు వేసుకున్నదీ ఫిఫాయే అన్నది గుర్తుంచుకోవాలి. బంతి గీత దాటిందా లేదా అన్నది కొలిచి చెప్పవచ్చు. చేతికి తగిలిన బంతి నేరమా కాదా అన్నది కొలతకు లొంగదు. అదే టోర్నీ ఫైనల్లో క్రొయేషియా ఆటగాడు పెరిసిచ్ చేతికి బంతి తగిలినప్పుడు రిఫరీ పితానా తెర దగ్గర చాలాసేపు నిలబడి చూసి ఫ్రాన్స్‌కు పెనాల్టీ ఇచ్చాడు. ఆ తీర్పుపై ఏకాభిప్రాయం నేటికీ లేదు.

కొలతకు లొంగుతుందనుకున్న ఆఫ్‌సైడ్‌లోనూ చిక్కు ఉంది. సెకనుకు 50 ఫ్రేములు తీసే కెమెరాలో రెండు ఫ్రేముల మధ్య వ్యవధి సెకనులో యాభయ్యో వంతు. సెకనుకు 8 మీటర్ల వేగంతో దూసుకెళ్లే ఫార్వర్డ్ ఆ వ్యవధిలో 16 సెంటీమీటర్లు కదిలిపోతాడు. డిఫెండర్ ఎదురు దిశలో వస్తుంటే తేడా ఇంకా పెరుగుతుంది. బంతిని తన్నిన క్షణం ఏ ఫ్రేములో ఉందో ఎంచుకునేది మనిషే. అలాంటి చిత్రంపై గీతలు గీసి, భుజం రెండు సెంటీమీటర్లు ముందుందంటూ గోల్‌ను రద్దు చేయడం న్యాయం కాదు. ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ 2021-22 సీజన్ నుంచి గీతలను మందం చేసి, సందేహం ఉంటే గోల్ వేసినవారికే అనుకూలంగా చూడటం మొదలుపెట్టింది. 2022 ఖతార్ ప్రపంచకప్‌లో 12 కెమెరాలు ఒక్కో ఆటగాడి శరీరంపై 29 బిందువులను సెకనుకు 50 సార్లు గుర్తించాయి. బంతిలో అమర్చిన సెన్సర్ సెకనుకు 500 సార్లు సమాచారం పంపింది. తన్నిన క్షణాన్ని పట్టుకోవడంలో ఇది నిజమైన ముందడుగు.

పరికరం సరిగ్గా చూసినా తీర్పు తప్పిపోవచ్చని 2023 సెప్టెంబరు 30న తేలింది. లండన్‌లో టాటెన్‌హామ్‌పై లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ గోల్ వేశాడు. లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ జెండా ఎత్తాడు. గదిలోని అధికారి గీతలు గీసి ఆఫ్‌సైడ్ కాదని సరిగ్గానే కనుక్కున్నాడు. కానీ మైదానంలో గోల్ ఇచ్చేశారని పొరబడి, పరిశీలన పూర్తయిందని మాత్రమే చెప్పాడు. రిఫరీకి అది జెండా సరైనదేనన్నట్టు వినిపించింది. ఆట మళ్లీ మొదలైంది. రీప్లే చూపే సాంకేతిక నిపుణుడు తప్పును వెంటనే పసిగట్టి చెప్పినా, ఆట మొదలయ్యాక వెనక్కి వెళ్లకూడదన్న నియమం అడ్డొచ్చింది. లివర్‌పూల్ 1-2తో ఓడింది. రిఫరీల సంస్థ తప్పు ఒప్పుకుని, కొన్ని రోజుల తర్వాత ఆ సంభాషణను విడుదల చేసింది.

2024లో అభిమానుల సభ్యత్వంతో నడిచే స్వీడన్ క్లబ్బులు వీఏఆర్ వద్దనడంతో అక్కడి సంఘం వెనక్కి తగ్గింది. అదే ఏడాది జూన్‌లో ప్రీమియర్ లీగ్‌లో రద్దు ప్రతిపాదన తెచ్చిన వుల్వర్‌హాంప్టన్ 19-1 ఓట్లతో ఒంటరైంది. టికెట్టు కొని స్టేడియంలో కూర్చున్నవారికి గోల్ ఎందుకు పోయిందో తెలియకపోవడమే ఈ పద్ధతిలోని పెద్ద లోపం. 2023 మహిళల ప్రపంచకప్‌లో రిఫరీలు మైకులో తుది నిర్ణయం చెప్పడంతో అందులో కొంత తీరింది. గదికీ రిఫరీకీ మధ్య సాగే మాటలను ఆట జరుగుతుండగా వినిపించడానికి మాత్రం నియమాలు ఇంకా ఒప్పుకోవడం లేదు.