టవేటా జనుల వేషభాషలు

తూర్పాఫ్రికాయందు కిలిమంజారో పర్వతమునకు ఆగ్నేయమున, లూమీనదీ ప్రాంతమున టవేటా జనులు వసించుచున్నారు. వీరి భాష బాంటూ కుటుంబములోనిది. పందొమ్మిదవ శతాబ్ద్యంతమున ఆంగ్లేయపాలన యారంభమగునాటికి వీరి వేషము మాత్రము, అన్యకుటుంబభాషను మాటలాడు మసాయీల వేషమును బోలియుండెను. పురుషులు చర్మవస్త్రములు దాల్చి, క్రొవ్వుతో గలిపిన యెఱ్ఱమన్నును మేన బూసికొని, చెవితమ్మెలను సాగదీసికొనుచుండిరి. స్త్రీలకు లోహపుతీగెల కడియములును పూసలపేరులును భూషణములు. 1884 సంవత్సరమున నచ్చటికేగిన హారీ జాన్‌స్టన్ ఈ సాదృశ్యమును గుర్తించెను. 1901లో క్లాడ్ హాలిస్ వీరి చరిత్రాచారములను గూర్చి వ్యాసము ప్రకటించెను.

ఇందు మఱియొక విశేషము గలదు. ఆ పూసలును తీగెలును మొంబాసా తీరమునుండి వర్తకుల బిడారులు దెచ్చినవే. నూలుబట్టయు నా మార్గముననే వచ్చెను. కావున ప్రాచీనమని తోచు నా వేషమునందే పొరుగువారి యభిరుచియు దూరదేశవాణిజ్యమును గలసియున్నవి. వేషమాత్రముచే జాతినిర్ణయము చేయువాడు టవేటావారిని మసాయీలని భ్రమించును. వారి మాట విన్నవానికి ఆ భ్రమ తొలగును.