ఇంటి చల్లదనము – ఇంటివారి నడవడి

రోహిణీకార్తె యెండలలో ఒకే వీధిలో ప్రక్కప్రక్కన నున్న రెండిండ్లను పరిశీలింపుడు. రెండును ఒకే తీరున కట్టినవి. గోడలొకటే, కప్పొకటే, కిటికీల సంఖ్యయు నొకటే. అయినను ఒక యింట మధ్యాహ్నము కునుకు తీయవచ్చును. రెండవ యింట కూర్చుండుటయే కష్టము. నెల తిరుగునప్పటికి వచ్చు విద్యుత్తు బిల్లులలో గూడ ఇట్టి భేదమే కనబడును. ఈ భేదమునకు కారణమును తాపీపనివాని చేతిలో వెదకిన లాభములేదు; ఆ యిండ్లలో కాపురమున్నవారి దినచర్యలో వెదకవలయును. ఈ విషయమును నేటి శాస్త్రజ్ఞులు విశేషముగ పరిశోధించుచున్నారు. కాని మన ఉత్తరాంధ్ర గృహచరిత్రను తిరుగవేసి చూచినచో, ఇది మన పెద్దలకు చిరపరిచితమైన సంగతియే యని తెలియును.

1950లో ఏర్పడిన శ్రీకాకుళము జిల్లా, 1979లో ఏర్పడిన విజయనగరము జిల్లా, ఆ రెండింటి భాగములతో 2022లో ఏర్పడిన పార్వతీపురము మన్యము జిల్లా – ఈ మూడును కలిసిన నేల ఒకవైపు బంగాళాఖాతమునకును, మరొకవైపు తూర్పు కనుమలకును నడుమ నున్నది. కళింగపట్నము, భావనపాడు వంటి తీరగ్రామములలో వేసవి యనగా చెమట; గాలిలో తేమ మెండు. బొబ్బిలి, సాలూరు ప్రాంతములకు పోయినచో వేసవి యనగా వడగాడ్పు. కొండలపై శీతకాలమున చలి బాధించును. కావున ఒకే ఉపాయము అందరికిని పనికిరాదు. ఎక్కడివారక్కడ తమ గాలిని, తమ యెండను గుర్తెరిగి యిల్లు కట్టుకొనిరి. కట్టుకొన్న పిదప ఆ యింట మెలగుటను గూడ నేర్చుకొనిరి.

తీరప్రాంతపు చుట్టింటిని మొదట చూతము. గుండ్రని మట్టిగోడ, దానిపై గోపురమువలె లేచిన తాటాకు కప్పు, తలవంచిననే గాని లోనికి పోవీలులేనంత క్రిందికి దిగిన చూరు – ఇదియే దాని స్వరూపము. మూలలు లేని గోడను తుపాను గాలి చుట్టి పోవును. దిగిన చూరు గోడపై ఎండ పడనీయదు. తాటాకు పొరల నడుమ నిలిచిన గాలి వేడిని లోనికి దిగనీయదు. ఇంతవరకు కట్టడపు గొప్పతనము. అయితే ఈ యిల్లు తనంత తాను చల్లగ నుండలేదు. నేలను అలుకవలయును, వాకిట కల్లాపి చల్లవలయును, వానలకు ముందు గోడలను మెత్తవలయును, శిథిలమైన ఆకును తీసి క్రొత్త ఆకు కప్పవలయును, వేసవిలో పొయ్యిని పెరటిలోనికి మార్చవలయును. ఈ పనులలో అధికభాగము స్త్రీల చేతుల మీదుగ జరిగినది. ఆ చల్లదనమునకు రూకలలో వెలకట్టినవారు లేరు గాని, దాని మూల్యము ఆ చేతుల శ్రమయే.

పట్టణములలోను, అగ్రహారములలోను పెంకుటిండ్లు, మండువా లోగిళ్ళు వెలసెను. వీధి యరుగు, వసారా, నడిమిగది, నడుమ ఆకాశమునకు తెరచిన మండువా, వెనుక పెరడు – ఇవి యొక్కొక్కటి యొక్కొక్క వేళకు తగినవి. ఉదయమున నీడగల యరుగుమీద పని సాగెడిది. ఎండ ముదిరిన పిమ్మట తలుపులు చేరవేసి, చీకటిగ నున్న నడిమిగదిలో పెద్దలు నడుము వాల్చెడివారు. ప్రొద్దు వ్రాలిన తోడనే తలుపులన్నియు తెరచి, మండువాలో నీళ్ళు చల్లెడివారు. రాత్రి నులకమంచములు పెరటిలోనికి వచ్చెడివి. వేడిగాలి పైకెగసి మండువా గుండ పోవ, చల్లగాలి వీధివైపునుండి లోనికి వచ్చెడిది. ఇల్లు కదలదు గనుక మనుష్యులే కదలిరి. పగలు మూసి రాత్రి తెరచు ఈ నియమమును ఏ గ్రంథమును చదివి వారు నేర్వలేదు. అత్త కోడలికి నేర్పినది, తల్లి బిడ్డకు నేర్పినది.

సంస్థానాధీశుల మేడలలోను, దొరల బంగళాలలోను చల్లదనము మరియొక విధముగ లభించెను. ఒక మనుష్యుడు వసారాలో కూర్చుండి త్రాడు లాగుచుండ, లోపల పంకా ఊగెడిది. వేరొకడు వట్టివేళ్ళ తడికలను తడుపుచుండెడివాడు. అచట చల్లదన మొకరిది, చెమట మరియొకరిది. ఈ తడికలకును ఒక హద్దు గలదు. పొడిగాలి తగిలిననే నీరు త్వరగ ఆవిరియై చల్లబరచును. తేమ నిండిన సముద్రతీరమున వాని ప్రభావము స్వల్పము. ఇదే సమయమున ప్రపంచమున ఇతర ప్రయత్నములు సాగెను. 1833లో అమెరికానుండి ఓడలో మంచుగడ్డలు కలకత్తాకు దిగుమతి యయ్యెను. 1902లో విల్లిస్ కారియర్ అను ఇంజనీరు న్యూయార్కు నగరములోని ఒక ముద్రణాలయమునకై గాలిలోని తేమను అదుపు చేయు యంత్రమును రూపొందించెను. నేటి ఏ.సి. యంత్రమునకు మూలపురుషుడగు ఆ యంత్రము మొదట కాగితముల క్షేమమునకై పుట్టినదే గాని, మనుష్యుల సుఖమునకై కాదు.

చలి విషయమున మన్యమువారి నడవడి గమనింపదగినది. సవరల పల్లెలలో ఇండ్లు వరుసలుగ, గోడకు గోడ చేరి యుండును. అందుచే చలిగాలి తగులు గోడల సంఖ్య తగ్గును. ఇంటిలోని పొయ్యి వంటకును వెచ్చదనమునకును ఒకటే. పొగ కన్నులకు, ఊపిరితిత్తులకు చెరుపు చేయుననుట నిజము. అయినను ఒకే నిప్పుతో రెండు పనులు నెరవేర్చుకొనుట వారి జాగ్రత్తకు చిహ్నము.

ఇక మార్పు సంగతి. తాటాకు కప్పు చల్లనిదే గాని, వేసవిలో ఒక నిప్పురవ్వ పడినచో వాడలే బుగ్గియైపోవును. తుపానునకు కప్పు ఎగిరిపోవును. కావున ప్రజలు సిమెంటు స్లాబు వైపు మొగ్గిరి, అది న్యాయమే. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము పని ఆరంభించిన పిమ్మట విద్యుత్తు ఈ ప్రాంతమున విస్తరించెను. పంకాత్రాడు పోయి విద్యుత్ పంకా వచ్చెను. ఒకరి చెమటతో వేరొకరు చల్లబడు దుస్థితి తొలగినందుకు మనము సంతోషింపవలయును. అయితే స్లాబు పగలెల్ల ఎండను త్రాగి రాత్రివేళ ఆ వేడిని గదిలోనికి విడుచును. అనగా పూర్వముకంటె నేడే సాయంకాలపు గాలి మనకెక్కువ యవసరము. సరిగ ఈ సమయముననే మన యలవాట్లు తారుమారయ్యెను. అరుగులు పోయెను. దోమల భయము, దొంగల భయము, వీధిదుమ్ము, ప్రక్కయింటివారి చూపు – వీనిచే కిటికీలు మూతపడెను. ఆరుబయట నిద్రించుట అరుదయ్యెను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము వద్దను, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతమునను తీరము దాటినప్పుడు, విద్యుత్ స్తంభములు కూలి అనేక గ్రామములు దినములకొలది చీకటిలో నుండెను. స్లాబు ప్రాణములు కాపాడెను. కాని యంత్రమును మాత్రమే నమ్ముకొని గాలిత్రోవ మరచిన యింటికి అట్టి రాత్రులు ఎంత దుర్భరములో వేరుగ చెప్పనక్కరలేదు.

నడవడి ప్రభావము కేవలము మా యూహ కాదు. మాధవీ ఇంద్రగంటి అను పరిశోధకురాలు 2008లో హైదరాబాదునందలి అయిదు బహుళ అంతస్తుల నివాసభవనములలో వేసవి, వర్షాకాలములయందు నూరుమందికి పైగా నివాసులను విచారించి, 2010లో ఫలితములను ప్రకటించిరి. అచటివారికి హాయిగ నున్న ఉష్ణోగ్రత ఇంచుమించు 26 మొదలు 32 డిగ్రీల వరకు. సగటున 29 డిగ్రీలు. ఆనాటి భారతీయ ప్రమాణములు చెప్పినదో, 23 మొదలు 26 డిగ్రీలు మాత్రమే. ప్రజలు పలుచని దుస్తులు ధరించి, కిటికీలు తెరచి మూసి, పంకాలు త్రిప్పుకొని వేడికి సర్దుకొనుచున్నారనియు, కిటికీల నిర్మాణలోపము, మరుగు లేకపోవుట, భద్రతాభయము వంటివి వారికి అడ్డువచ్చుచున్నవనియు ఆమె చూపిరి. ఇచట ఒక సత్యము స్పష్టము: మంచి నడవడికి గూడ మంచి కిటికీ కావలయును. దోమతెర లేని కిటికీని తెరువుడని ఉపదేశించుట వ్యర్థము.

సామాన్యమైన పంకా సుమారు 75 వాట్ల విద్యుత్తును వాడును. ఒకటిన్నర టన్నుల ఏ.సి. పనిచేయునప్పుడు సుమారు 1500 వాట్లు. అనగా ఒక యంత్రము ఇరువది పంకాలకు సమానము. పంకా గదిని చల్లబరుపదు. మన శరీరమును మాత్రమే చల్లబరుచును. మనిషిలేని గదిలో తిరుగు పంకా వలన ఎవ్వరికిని మేలులేదు. ఏ.సి.ని ఒక డిగ్రీ పెంచినచో ఇంచుమించు ఆరు శాతము విద్యుత్తు ఆదాయగునని కేంద్రప్రభుత్వపు ఇంధన సామర్థ్య సంస్థ చెప్పుచున్నది. 2020 జనవరి 1 నుండి గృహములకై అమ్మబడు ఏ.సి. యంత్రములు మొదట 24 డిగ్రీల వద్దనే ఆరంభమగునట్లు నిబంధన వచ్చెను. అయినను మీటను 18 డిగ్రీలకు దింపి దుప్పటి కప్పుకొను చేతిని ఏ నిబంధన పట్టగలదు?

ఏ.సి. కొనగలవారి సంగతి యిట్లుండగా, రేకుల క్రింద, చిన్న స్లాబు క్రింద కాపురమున్నవారి గతి యేమి? వారికి ఆదా చేయుటకు మిగులు లేదు. వేడిని తప్పించుకొనుటయే వారి సమస్య. కప్పుపై తెల్లని సున్నము పూసినచో ఎండలో కొంతభాగము తిరిగి పోవును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించినది ఇందులకే. ఎదురెదురుగ రెండు కిటికీలు, వానికి దోమతెరలు, పడమటి గోడకు ఒక చెట్టునీడ – ఇవి పేదవాని యింటికిని అందని వస్తువులు కావు. కట్టించువారు వీనిని విలాసములుగ నెంచరాదు.

చుట్టింటికి తిరిగిపొండని మేము చెప్పుట లేదు. అలికిన చేతులకు మరల ఆ చాకిరి అంటగట్టుటయు మా ఉద్దేశము కాదు. పగలు మూయుట, ప్రొద్దు వ్రాలిన పిమ్మట తెరచుట, వేళనుబట్టి చోటు మార్చుట, మనిషి లేనిచోట యంత్రమును ఆపుట – ఈ నాలుగు పాత అలవాట్లు స్లాబు ఇంటికిని చెల్లును. ఈ పని ఇల్లాలి యొక్కతెదే కాదు, ఇంటనున్న ప్రతివారిది. నేటి సాయంకాలము సముద్రపుగాలి లేచువేళకు కిటికీ తలుపు తీసి చూడుడు. తాతల యింటిలోనికి వచ్చిన గాలియే మన యింటిలోనికిని వచ్చును.