మారిషసు ద్వీపమున నివాసస్థల నిర్ణయము

ఉష్ణమండల ద్వీపములకు సముద్రమొక్కటియే యెల్లయైనను, వాని నాలుగు దిక్కులును ఒక్కతీరున నుండవు. ఏఁటిలో నధికభాగము గాలి యొక్క దిక్కునుండియే వీచుటచేత నొకయొడ్డు గాలికి మొగమై, ఎదుటియొడ్డు గాలికి మఱుఁగై యుండును. నడుమ మిట్టలున్నచో మేఘములు వానిమీఁదనే తమ నీటినెల్ల విడిచి, ఆవలితీరమునకు రిక్తములై పోవును. కావున నొక చిన్న ద్వీపమునందే యెండుభూమియు, తడిభూమియు, చల్లని మిట్టయు, ఉడుకు తీరమును గలిసి యుండును. ఇందు మనుష్యుఁడెచట నిల్లు కట్టుకొనవలెనను ప్రశ్న తేలికగాఁ గనఁబడునదే గాని, దాని కొసఁగఁబడిన యుత్తరములను బట్టి యాద్వీపచరిత్రమునెల్లఁ జెప్పవచ్చును. హిందూమహాసముద్రమునందలి మారిషసు దీనికిఁ దగిన నిదర్శనము.

వసించుట యను క్రియకు స్థలము సామాన్యముగా నధికరణము. ఉప, అను, అధి, ఆఙ్ అను నుపసర్గలు చేరినప్పుడు మాత్రము ఆ యధికరణమే కర్మ యగునని పాణిని ప్రథమాధ్యాయమున నాలవ పాదమున విధించెను. ఆ వెనువెంటనే, కర్త తన క్రియచేత మిక్కిలిగాఁ గోరునది కర్మ యని లక్షణము చెప్పెను. గ్రామమున నుండుట వేఱు, గ్రామమును గోరి యధివసించుట వేఱు. మారిషసు చరిత్రమునందు ఈ రెండు తెగలవారును గలరు. స్థలమును దామే యెన్నుకొన్నవారు కొందఱు. ఇతరు లుంచినచోట నున్నవారు పెక్కుమంది. రెండవ తెగలో మన తెలుఁగువారును జేరియున్నారు.

ఈ ద్వీపము భూమధ్యరేఖకు దక్షిణముగా సుమా రిరువదవ యక్షాంశమున నున్నది. వైశాల్యము రమారమి 1,865 చదరపు కిలోమీటర్లు. చుట్టును జాలవఱకుఁ బగడపుదిబ్బలు, నడుమ నగ్నిపర్వతములు పూర్వము గ్రక్కిన శిలలతో నేర్పడిన పీఠభూమి, అంచులయందుఁ గొండలు. అత్యున్నత శిఖరము 828 మీటర్లు మాత్రమే. గాలి ప్రధానముగా ఆగ్నేయమునుండి వీచును. అందుచేత నాగ్నేయతీరమును, పీఠభూమియును వర్షమునకు నెలవులు. వాయవ్య పశ్చిమతీరములు మిక్కిలి పొడిగా నుండును. క్యూర్‌పిప్ అను మిట్టపట్టణమున జడివాన కురియుచుండఁగా, పడమటి సముద్రపుటొడ్డున నెండ కాయుచుండుట తఱచుగాఁ జూడనగును.

యూరపియనులు రాకమునుపు ఇచట స్థిరనివాసులు లేరు. అరబ్బు నావికులును, వారి వెనుకఁ బోర్చుగీసువారును దీని నెఱిఁగియుండిరి గాని యిండ్లు కట్టుకొన్నవారు కారు. 1598వ సంవత్సరము సెప్టెంబరు మాసమున డచ్చి నౌకాసేనాని వాన్ వార్విక్ ఆగ్నేయమందలి విశాలమగు సముద్రశాఖలోఁ బ్రవేశించి, తమ దేశాధిపతి యగు మారిట్సు పేర ద్వీపమునకు నామకరణము చేసెను. 1638లో డచ్చివా రా చోటనే ఫ్రెడరిక్ హెండ్రిక్ అను కోటను గట్టిరి. ఆగ్నేయమునుండి వీచుగాలి యోడలను దానంతట నదియే లోనికిఁ దెచ్చుచుండెను. తీరమున మంచినీరును, నల్లచేవ గల విలువైన కఱ్ఱయు సమృద్ధిగా నుండెను. దూరప్రయాణమున నలసి వచ్చినవారికి నింతకన్న మంచి చోటు వేఱొకటి కనఁబడకపోవుట వింత గాదు.

అయితే యోడను లోనికిఁ దెచ్చిన గాలియే దానిని వెలికిఁ బోనీయదు. పగడపుదిబ్బల నడుమ నిఱుకైన త్రోవలో నెదురుగాలికి మఱలిపోవుట తెరచాప యోడలకు మిక్కిలి కష్టము. అనుకూలవాయువునకై దినములతరబడి వేచియుండవలసి వచ్చుచుండెను. దీనికిఁ దోడు బటేవియాకుఁ బోవు డచ్చియోడలు దక్షిణముగాఁ బోయి పడమటిగాలులను బట్టుకొను క్రొత్త మార్గము నవలంబించినందున నీ ద్వీపము త్రోవకుఁ దప్పిపోయెను. 1652లో గుడ్‌హోప్ అగ్రమున వేఱొక మజిలీయు నేర్పడెను. 1658లో డచ్చివారు ద్వీపమును విడిచిపోయిరి. 1664లో మరల వచ్చిరి. 1710లో శాశ్వతముగా వెడలిపోయిరి. తుపానులును, ఎలుకలును, పాఱిపోయిన బానిసల తిరుగుబాట్లును వారిని వేధించెను. వా రచట విడిచిన వానిలో ముఖ్యములు జావానుండి తెచ్చిన చెఱకును, జింకలును. ఎగురలేని డోడోపక్షి వారి కాలముననే నశించెను.

1715లో ఫ్రెంచివారు ద్వీపమును స్వాధీనము చేసికొని ‘ఈల్ ద ఫ్రాన్సు’ అని పేరుపెట్టిరి. మొదట వారును డచ్చివారి యడుగుజాడలనే పోయి, ఆగ్నేయపు రేవునకుఁ బోర్ట్ బూర్బోన్ అని పేరిడి దానిని గౌరవించిరి. వాయవ్యమునందలి చిన్న రేవునకుఁ బోర్టులూయీ అని పేరు. ఈ రెంటిలో నేది ప్రధానస్థానము గావలెనను వాదము పెక్కేండ్లు సాగెను. ఆగ్నేయమున విశాలమైన జలాశయమును, నీరును, సారవంతమగు నేలయుఁ గలవు. వాయవ్యమున నేల పొడి, నీరు దూరము, ప్రవేశము కష్టము. గాలి యెదురుగా వీచుటచే నోడలను దాళ్లతో లాగి లోనికిఁ దీసికొని రావలసి యుండెను. కాని లోనికి వచ్చిన యోడ కొండల మఱుఁగున భద్రముగా నిలుచును. బయలుదేఱిన యోడ నా గాలియే సముద్రములోనికిఁ గొనిపోవును. వర్తకుఁడు రాకడ సుఖమును జూచును. యుద్ధమునకు నోడలను బంపవలసినవాఁడు పోకడ సుఖమును జూచును.

1735లో గవర్నరుగా వచ్చిన మాహే ద లా బూర్దొనే యీ వాదమును ముగించెను. ఆయన పోర్టులూయీని రాజధానిగా నిశ్చయించి, కొఱఁతగా నున్న నీటిని గ్రాండ్ రివర్ అను నదినుండి కాలువ కట్టించి తెప్పించెను. ఓడలు బాగుచేయు తావులను, గిడ్డంగులను, వైద్యశాలను నిర్మింపించెను. ఈ పనులకుఁ బుదుచ్చేరినుండి తెప్పింపఁబడిన తాపీపనివారును, వడ్రంగులును, ఆఫ్రికాఖండమునుండియు మదగాస్కరునుండియు బలిమిచేఁ దేఁబడిన బానిసలును బాటుపడిరి. ఈ నిర్ణయఫలము చెన్నపట్టణమువఱకుఁ బ్రాఁకెను. 1746వ సంవత్సరము సెప్టెంబరులో లా బూర్దొనే ఈ ద్వీపమున సిద్ధపఱచిన నౌకాబలముతో వచ్చి చెన్నపట్టణమును బట్టుకొనెను.

రెండు రేవుల గుణదోషములు 1810లో మఱల స్పష్టపడినవి. ఆ యేఁటి యాగస్టులో నింగ్లీషు యుద్ధనౌకలు ఆగ్నేయపు రేవులోఁ జొచ్చి పగడపుదిబ్బలకుఁ దగుల్కొనెను. నాలుగు నౌకలను వారు గోలుపోయిరి. అందు రెంటిని వారే కాల్చివేయవలసి వచ్చెను. ఆ పాఠము నేర్చినవారై నవంబరు 29వ తేదిని ద్వీపమున కుత్తరకొనయందు సేనను దింపి, నేలమీఁదుగాఁ బోర్టులూయీపై నడచిరి. ఆ సేనలో మద్రాసు సిపాయిలును గలరు. డిసెంబరు 3వ తేదిని ఫ్రెంచివారు లొంగిపోయిరి.

ఇంతవఱకుఁ జెప్పినది ప్రభువుల యెన్నిక. బానిసలకుఁ గూడ నొక యెన్నిక మిగిలియుండెను, అది పాఱిపోవుట. నైరృతికొనయందు సముద్రములోనికిఁ జొచ్చుకొనిపోయిన ‘ల మోర్న్’ అను 556 మీటర్ల నిట్టనిలువు కొండ యున్నది. నీరు, నీడ, నేల అను మూఁటిలో నేది చూచినను ఇంతకంటె నధమమైన నివాసము ద్వీపమున లేదు. అయినను బాఱిపోయిన బానిసలు దాని గుహలయందును శిఖరమునందును దాఁగి జీవించిరి. ఎక్కుటకు దుర్గమమగుటయే వారికి దాని గుణము. 2008లో యునెస్కో దీనిని ప్రపంచవారసత్వ స్థలములలోఁ జేర్చెను.

1835 ఫిబ్రవరి 1వ తేదిని బానిసత్వము రద్దయ్యెను. చెఱకుతోఁటల యజమానులు అంతకుఁ బూర్వమే హిందూదేశమునుండి యొడంబడికపైఁ గూలీలను దెప్పింప నారంభించిరి. 1834 మొదలుకొని యిరువదవ శతాబ్ది ప్రారంభమువఱకు వచ్చినవారు రమారమి నాలుగున్నర లక్షలు. వీరిలోఁ దెలుఁగువారు కోరంగి, విశాఖపట్టణము మొదలగు రేవుల పరిసరములనుండియు, మద్రాసు మీఁదుగాను బోయిరి. 1839లో సముద్రము పొంగి కోరంగిని ముంచివేసిన కొలఁది యేండ్లకే, 1843లో ‘కోరింగా పాకెట్’ అను నోడ తెలుఁగువారిని గొనిపోయినది. అందుచే నాద్వీపమునఁ దెలుఁగువారికిఁ గోరంగివారను పేరు గలిగెను. ఊరు మునిఁగినను ఊరి పేరు జనులతో సముద్రము దాఁటెను.

ఓడ దిగినవారు పోర్టులూయీ రేవునందలి పదునాఱు మెట్లెక్కి, నేఁడు అప్రవాసీ ఘాట్ అనఁబడు స్థలమున రెండు మూఁడు దినము లుండి, తమకుఁ గేటాయింపఁబడిన తోఁటలకుఁ బంపఁబడుచుండిరి. ఉత్తరమా, దక్షిణమా, మిట్టయా, పల్లమా యని వారి నడిగినవారు లేరు. తోఁట యెచ్చటనో యింటి వరుస యచ్చటనే. ఒక్కదినము పనికి రాకున్నచో రెండు దినముల కూలి కోసివేయు నాచారముండెను. ఒడంబడిక తీఱినవారికిఁ గూడ స్వేచ్ఛ కలుగలేదు. 1867 నాఁటి శాసనము ప్రకారము వారు ఛాయాచిత్రముతోఁ గూడిన రహదారిచీటిని వెంట నుంచుకొనవలెను. తమ జిల్లాను విడిచి మఱియొక జిల్లాకుఁ బోయినచో దేశదిమ్మరులుగా నెంచఁబడి శిక్షకుఁ బాత్రు లగుచుండిరి.

సరిగా నా కాలముననే నివాసస్థలము ప్రాణాపాయ విషయమయ్యెను. 1866 మొదలు 1868 వఱకు ద్వీపమున మన్యజ్వరము చెలరేఁగెను. ఒక్క 1867లోనే మృతులు దాదాపు 40 వేలు. అందుఁ బోర్టులూయీ మిక్కిలి దెబ్బతినెను. ప్రాచీనవైద్యులు భూమిని జాంగలము, ఆనూపము, సాధారణము అని మూఁడు విధములుగా విభజించి, పొడినేలయగు జాంగలమే యారోగ్యకరమనియు, నీటిపట్టగు నానూపము రోగకరమనియుఁ జెప్పియున్నారు. మనుస్మృతియు రాజు జాంగలదేశమునందే యుండవలెనని విధించినది. మారిషసునం దీ సామాన్యవిధికి బాధకము గలిగెను. పొడితీరమందలి రాజధాని శ్మశానమయ్యెను. ఎడతెగక వానకురియు మిట్ట సురక్షితముగా నుండెను. శాస్త్రము దప్పినదనుటకంటె నిచట వేఱొక కారణము ప్రవర్తించిన దనుట యుక్తము. చల్లని మిట్టలయందు జ్వరమును వ్యాపింపఁజేయు దోమ వృద్ధిపొందదు. తీరమున కాలువలును, గుంటలును, అడవి నఱకి వేసిన చెఱకుతోఁటలును దానికి నెలవులు. కాని యా దినములయందు దోమసంగతి యెవరికిని దెలియదు. చెడుగాలివలన జ్వరము పుట్టునని తలఁచుచుండిరి. ఆ రహస్యము ముప్పదియేండ్ల తరువాత, 1897 ఆగస్టులో, సికందరాబాదునందు రోనాల్డ్ రాస్ బయలుపఱచెను. ఆయనయే 1907-08 సంవత్సరములలో మారిషసునకు వచ్చి జ్వరనివారణోపాయములను నివేదించెను.

కారణము తెలియకున్నను, కలిమి గలవారు మార్గమును గనిపెట్టిరి. 1865లోఁ బోర్టులూయీనుండి మిట్టలమీఁదుగాఁ బోవు రైలుమార్గము తెఱవఁబడి యుండెను. ఉద్యోగులును, వర్తకులును క్యూర్‌పిప్, రోజ్‌హిల్, బోబాసిన్ మొదలగు చోట్లకుఁ గుటుంబములను దరలించి, ఉదయమున రైలెక్కి రాజధానికి వచ్చి, సాయంకాలమున మఱలిపోవ మొదలిడిరి. సుమారు 550 మీటర్ల యెత్తున నున్న క్యూర్‌పిప్ ఇట్లు పట్టణమై పెరిఁగెను. దినమున రేవు, రాత్రి మిట్ట యను నీ రెండుచోట్ల బ్రదుకు నాఁటినుండియు ద్వీపమునకు స్వభావమైనది. 1964లో రైళ్లు పూర్తిగా నిలిచిపోయినను, 2020 మొదలుకొని నడుచు మెట్రో పోర్టులూయీనుండి రోజ్‌హిల్ మీఁదుగా 2022లోఁ గ్యూర్‌పిప్ చేరి, చాలవఱకుఁ బ్రాఁత రైలుదారినే యనుసరించుచున్నది. కూలీలకు మాత్ర మా రైలు ప్రయాణమున కాని, మిట్టపై నింటికిఁ గాని యవకాశము లేకుండెను. జిల్లా దాఁటుటయే నేరమగు కాలమున జ్వరమునుండి పాఱిపోవుటయు నేరమే. ఒకే దీవిలో ధనికుఁడు దోమకు దూరముగా నిల్లు కట్టుకొనఁగా, కూలి దోమ చెంతఁ గట్టివేయఁబడెను.

ఈ యన్యాయము నోరులేనిదై యుండలేదు. 1871లో 9,401 మంది కూలీలు, అడోల్ఫ్ ద ప్లెవిట్సు అను తోఁట నిర్వాహకుని సాయముతో, గవర్నరునకు విన్నపము సమర్పించిరి. దాని ఫలితముగా 1872లో రాజవిచారణసంఘము వచ్చి విచారించెను. 1875లో వెలువడిన దాని నివేదిక రహదారిచీటుల పద్ధతియందలి క్రౌర్యమును వెల్లడించెను. 1878లోఁ గూలిచట్టము సవరింపఁబడెను. అటుపిమ్మటఁ బంచదారవెల తగ్గి నష్టపడిన యజమానులు తమ తోఁటల యంచులను జిన్న చిన్న ముక్కలుగా నమ్మఁజొచ్చిరి. కూలి కూడఁబెట్టుకొన్న కుటుంబము లా ముక్కలను గొని గ్రామములు గట్టుకొన్నవి. ఆ నేల తఱచు ఱాళ్లతోఁ గూడినది, నీటికిఁ దొలఁగినది; మంచి నేల యజమానుల చేతనే మిగిలెను. అయినను ఏ ముక్కను గొనవలెను, ఎవరి సరసన నిల్లు వేయవలెను, దేవళ మెచ్చటఁ గట్టవలెను అనునది వారే నిర్ణయించుకొనిరి. ఓడ దిగిన తరువాత స్థలము వారికిఁ గర్మ యగుట యిదే మొదలు.

1949లో నారంభమైన దోమనిర్మూలన ప్రయత్నముచేత జ్వరము క్రమముగా నడఁగెను. 1973లోఁ బ్రపంచారోగ్యసంస్థ దీనిని మలేరియా లేని దేశముగాఁ బ్రకటించెను. కొలఁది యేండ్లలోఁ దిరిగి తల యెత్తిన జ్వరమును ద్వీపమువారు మఱల నణఁచిరి. అప్పటినుండి తీరము గౌరవమునకు వచ్చినది. పూర్వము ప్రాణభయమున విడువఁబడిన యొడ్డులయందే నేఁడు యాత్రికుల వసతిగృహము లున్నవి. శీతకాలమున, అనఁగా జూన్ మొదలు సెప్టెంబరు వఱకు, ఆగ్నేయవాయువు బలిసి తూర్పుతీరమును జలింపఁజేయును గనుకఁ బ్రశాంతి గోరువారు పడమటను, ఉత్తరమునను బస చేయుదురు. చల్లగాలి గోరువారు తూర్పునకుఁ బోదురు. వేసవిలోఁ దుపానులు వచ్చినచో నే ప్రక్కయు నభయస్థానము కాదు. 1892 ఏప్రిల్ 29వ తేది తుపాను గాలిమఱుఁగని పేరొందిన పోర్టులూయీనే ధ్వంసము చేసి సుమారు 1,200 మందిని బలిగొన్నది.

ఇట్లు నావికునకు గాలియు, రోగభీతునకు మిట్టయు, బానిసకుఁ గొండగుహయు, కూలికిఁ దన సొంత నేలముక్కయు నివాసప్రమాణము లైనవి. నేఁడు మారిషసునందు ఉగాది సెలవుదినము. ఆనాఁడు తెలుఁగువారు పండుగ చేసికొను గ్రామములలోఁ బెక్కు, నూఱేండ్లకు మున్ను వారి తాతలు ఱాళ్లేఱి చదును చేసికొన్న యా తోఁటయంచులయందే యున్నవి.