ఐదేళ్లలోపు పిల్లల మరణాలు, వైద్య సేవల వినియోగం: భారతదేశం, తెలుగు రాష్ట్రాలు

ప్రాణంతో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో ఏడాది నిండకుండానే పోయేవారి సంఖ్యను శిశు మరణాల రేటు అంటారు. ఐదో పుట్టినరోజు చూడకుండా పోయేవారిది ఐదేళ్లలోపు మరణాల రేటు, తొలి 28 రోజుల్లో పోయేవారిది నవజాత శిశు మరణాల రేటు. దేశంలో శిశు మరణాల రేటు 1971లో 129 ఉండగా 2020కి 28కి దిగింది. ఈ తగ్గుదల అన్ని వయసుల్లో ఒకేలా లేదు. నెల దాటిన పిల్లల్ని కాపాడుకోవడం త్వరగా నేర్చుకున్నాం. నెలలోపు పసికందుల విషయంలో చాలా ఆలస్యం చేశాం. ఆసుపత్రి కాన్పులు పెరిగినంత జోరుగా పురిటిబిడ్డల మరణాలు తగ్గకపోవడం ఈ చరిత్రలో అన్నిటికంటే గట్టిగా పట్టించుకోవలసిన సంగతి.

లెక్కలు ఎలా వచ్చాయి

ఆరోగ్య స్థితిగతులపై 1946లో వెలువడిన భోర్ కమిటీ నివేదిక, 1937లో బ్రిటిష్ ఇండియాలో వెయ్యికి 162 మంది పిల్లలు ఏడాదిలోపే చనిపోయారని చెప్పింది. అదే నివేదిక ప్రకారం దేశంలోని మొత్తం మరణాల్లో దాదాపు సగం పదేళ్లలోపు పిల్లలవే. నిజానికి అప్పటి చావు పుట్టుకల నమోదు సగం సగమే. పుట్టి నాలుగు రోజులకే పోయిన బిడ్డ పుట్టినట్టూ, పోయినట్టూ ఏ పుస్తకంలోనూ ఎక్కేది కాదు. తెలుగు పల్లెల్లో ఆ కాలపు ఆనవాళ్లు పేర్లలో మిగిలాయి. వరుసగా బిడ్డలు దక్కని ఇంట పుట్టినవాణ్ని పెంటకుప్ప మీద పడుకోబెట్టి తిరిగి తెచ్చుకొని పెంటయ్య అనో, విస్తరాకులో పొర్లించి పుల్లయ్య అనో పిలుచుకునేవారు.

నమ్మదగిన లెక్క 1969-70లో దేశమంతటా అమల్లోకి వచ్చిన నమూనా నమోదు పథకంతో మొదలైంది. ఎంపిక చేసిన ఊళ్లలో, పట్టణ వాడల్లో స్థానికంగా ఉండే ఒకరు, చాలాచోట్ల బడిపంతులు, జరిగిన ప్రతి పుట్టుకనూ చావునూ ఎప్పటికప్పుడు రాసుకుంటారు. ఆరు నెలలకోసారి జనగణన శాఖ పర్యవేక్షకుడు వచ్చి ఆ పుస్తకం చూడకుండా ఇల్లిల్లూ తిరిగి విడిగా లెక్క తీస్తాడు. తర్వాత రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి, పొసగని పేర్ల కోసం మళ్లీ ఆ ఇళ్లకే వెళ్తారు. దీనికి తోడుగా 1992-93 నుంచి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వచ్చింది. తల్లినే కూర్చోబెట్టి, ఎంతమందిని కన్నావు, ఎంతమంది ఉన్నారు, జ్వరమొస్తే ఎక్కడికి తీసుకెళ్లావు, ఏయే టీకాలు వేయించావు అని అడుగుతుంది. పిల్లల చావుల లెక్క, వైద్యం అందిన లెక్క ఒకే చోట దొరకడం దీనితోనే మొదలైంది.

విరేచనాలు, తట్టు, ధనుర్వాతం

ఏడాది దాటిన పిల్లల్ని ఎక్కువగా పొట్టన పెట్టుకున్నవి వాంతులు విరేచనాలు, న్యుమోనియా, తట్టు. పోషకాహార లోపం ఈ మూడింటినీ మరింత ప్రమాదకరం చేసేది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయాన పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు నిండుకున్నప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా పాళ్లు కట్టి నీళ్లలో కలిపి, రోగుల బంధువుల చేతే తాగించారు. ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు ఆయన శిబిరంలో 3.6 శాతానికి పడిపోయాయి. నేటి ఓఆర్‌ఎస్ పొట్లాన్ని చరిత్రలో నిలబెట్టిన ఘట్టం అది. కానీ ఇంత చవకైన మందు ఇంటింటికీ చేరడానికి దశాబ్దాలు పట్టింది. విరేచనాలైన పిల్లల్లో ఓఆర్‌ఎస్ అందినవారు 2005-06లో 26 శాతమే, 2019-21లోనూ 61 శాతమే. విరేచనాలు అవుతుంటే నీళ్లు మాన్పించే పాత అలవాటు, నీళ్లకంటే సూదిమందునే వైద్యంగా ఎంచే కొత్త అలవాటు, రెండూ పిల్లలకు చేటు చేశాయి.

1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలై అంగన్‌వాడీ వచ్చింది. 1978లో విస్తృత టీకాల కార్యక్రమం, 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమం మొదలయ్యాయి. క్షయ, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, పోలియో, తట్టు టీకాలు ఊళ్లోకే వచ్చాయి. బుధవారం, శనివారం ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎం ఐసుపెట్టె భుజాన వేసుకొని రావడం తెలుగు పల్లెల్లో ఇప్పటికీ తల్లులకు బాగా తెలిసిన దృశ్యం. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో నమోదైంది. అన్ని ప్రాథమిక టీకాలూ పడిన పిల్లలు 1992-93లో 35 శాతం కాగా, 2019-21లో 76 శాతం. 2016లో రోటావైరస్ టీకాను తొలి విడతగా ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పుడు వాడిన రోటావాక్‌ను తయారు చేసింది హైదరాబాద్ సంస్థ భారత్ బయోటెక్.

పురిటి ధనుర్వాతం కథ వేరు. కొడవలితోనో పాత బ్లేడుతోనో బొడ్డు కోసి బూడిద రాస్తే, వారం తిరిగేలోపు బిడ్డ దవడలు బిగుసుకొని పాలు తాగడం మానేసేది. దాన్ని గ్రహదోషమని సరిపెట్టుకున్న ఇళ్లెన్నో. గర్భిణికి వేసే ధనుర్వాతం టీకా, శుభ్రమైన బ్లేడు, శుభ్రమైన దారం, ఇవి చాలు ఆ చావుల్ని ఆపడానికి. దీన్ని నిర్మూలించినట్టు దేశంలో మొదట నిర్ధారణ అయిన రాష్ట్రం 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. దేశం మొత్తానికి ఆ గుర్తింపు 2015లో వచ్చింది. మన ఏఎన్‌ఎంలు గర్వంగా చెప్పుకోదగిన పని ఇది.

కాన్పు ఆసుపత్రికి మారడం

1992-93లో దేశంలో ఆసుపత్రి కాన్పులు 26 శాతం, 2005-06లో 39 శాతం. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్, జననీ సురక్షా యోజన వచ్చాయి. ఆసుపత్రిలో పురుడు పోసుకున్న తల్లికి డబ్బు ఇవ్వడం, వెంట తీసుకెళ్లడానికి ఊరికో ఆశా కార్యకర్తను పెట్టడం ఈ పథకాల కీలకం. 2015-16కి ఆసుపత్రి కాన్పులు 79 శాతానికి, 2019-21కి 89 శాతానికి చేరాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంతకుముందే, 2005-06 నాటికే, 64 శాతం కాన్పులు ఆసుపత్రుల్లో జరిగేవి. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్స్, తర్వాత తెలంగాణలో 2017లో బాలింతల కోసం తెచ్చిన కేసీఆర్ కిట్ ఆ మార్పును దాదాపు పూర్తి చేశాయి. 2019-21లో ఆంధ్రప్రదేశ్‌లో 96.5, తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి.

అయినా 2020లో దేశంలో ఐదేళ్లలోపు మరణాల రేటు 32 అయితే, అందులో నెల నిండని పసికందులదే 20. నెలలు నిండకుండా పుట్టడం, బరువు తక్కువ, కాన్పులో ఊపిరి అందకపోవడం, పురిటి ఇన్ఫెక్షన్లు వీటికి ప్రధాన కారణాలు. కాన్పు గదిలో నేర్పున్న నర్సు, బిడ్డకు వెచ్చదనం, తొలి గంటలో ముర్రుపాలు, రోగం ముదిరితే నవజాత శిశు చికిత్సా విభాగం అందుబాటులో ఉంటేనే ఆసుపత్రి కాన్పుకు ఫలితం. తొలి గంటలో తల్లిపాలు అందిన పిల్లలు 2019-21లో దేశంలో 42 శాతమే. సిజేరియన్ల సంగతి చూస్తే, అదే కాలంలో తెలంగాణలో 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు అలా జరిగినవే. దేశ సగటు 21.5. ఇంత కోత అవసరమని వైద్యశాస్త్రం ఎక్కడా చెప్పదు. మత్తులో ఉన్న తల్లికి బిడ్డను తొలి గంటలో అందించడమూ కష్టమే.

ఇంటి దగ్గర చేయగలిగింది ఎంతో ఉందని మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా నిరూపించింది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ అక్కడ 1986లో సెర్చ్ సంస్థను స్థాపించారు. ఊళ్లోని ఆడవాళ్లకే బిడ్డను తూచడం, ఒళ్లు వెచ్చగా ఉంచడం, ఊపిరి లెక్కపెట్టడం, ఇన్ఫెక్షన్‌ను గుర్తించి మందివ్వడం నేర్పారు. వారు పనిచేసిన ఊళ్లలో నవజాత మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. దాని ఆధారంగానే 2011లో దేశమంతటా ఆశాల ఇంటి సందర్శనలు వచ్చాయి. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా వచ్చి చూడాలి. సంచిలో తూకం, థర్మామీటరు, గడియారం ఉంటాయి. చొక్కా ఎత్తి, నిమిషం పాటు పొట్ట కదలిక చూస్తూ ఊపిరి లెక్కిస్తుంది. రెండు నెలల్లోపు బిడ్డకు అది అరవై గానీ అంతకు మించి గానీ ఉంటే, లేదా డొక్కలు ఎగరేస్తుంటే, వెంటనే ఆసుపత్రికి పంపాలి.

తేడాలు

2020లో శిశు మరణాల రేటు పల్లెల్లో 31, పట్టణాల్లో 19. తెలంగాణలో 21, ఆంధ్రప్రదేశ్‌లో 24. రాష్ట్ర సగటు గిరిజన ఏజెన్సీ పరిస్థితిని చెప్పదు. పాడేరు కొండల్లో నొప్పులు మొదలైన గర్భిణిని డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకురావలసిన గూడేలు ఇంకా ఉన్నాయి. కాన్పు తేదీకి ముందే తల్లుల్ని దించి ఉంచే వసతి గృహాలు ఏర్పాటు చేయడం సరైన ఆలోచన. దారి వేయకుండా వాటితోనే సరిపెట్టడం న్యాయం కాదు. ఇక ఆడపిల్ల విషయంలో, ఏడాదిలోపు మరణాల్లో తేడా 2020 నాటికి చెరిగిపోయినా, ఐదేళ్లలోపు రేటు మగపిల్లల్లో 31 ఉంటే ఆడపిల్లల్లో 33. ప్రకృతి ఇచ్చిన బలం ఆడశిశువుకే ఎక్కువ కాబట్టి, ఈ రెండు అంకెల తేడా వెనక ఉన్నది పెంపకంలో, వైద్యంలో వివక్ష.

సుస్థిర అభివృద్ధి లక్ష్యాల ప్రకారం 2030 నాటికి నవజాత మరణాల రేటు 12కు, ఐదేళ్లలోపు రేటు 25కు దిగాలి. కేరళలో 2020 నాటికే ఏడాదిలోపు మరణాల రేటు 6.