బుర్రలో పలికే తీగ

మర్రిగూడలో పొద్దు వాలుతోంది. పత్తి చేలల్లోంచి ఆడవాళ్లు తిరిగొస్తున్నారు. మాల్ వైపు నుంచి వచ్చిన బస్సు దుమ్ము లేపి పోయింది. వేపచెట్టు కింద గద్దె మీద, కథలు పాడే డక్కలి కులపు తాత కూర్చున్నాడు. ఒళ్లో కిన్నెర. పొడవాటి వెదురు బొంగు, దాని కింద ఎండిన సొరబుర్రలు, పైన తేనెమైనంతో నిలబెట్టిన పన్నెండు మెట్లు. మీరు ఆయన ముందే చాప మీద ఉన్నారు.

తాత తీగ మీటాడు. వీధి చివర ఆడుతున్న పిల్లలు ఇటు తిరిగారు.

"ఇట్ల రా బిడ్డా. బుర్ర మీద చెయ్యి పెట్టు. తెలుస్తుందా?"

తెలుస్తోంది. అరచేతి కింద బుర్ర జలదరిస్తోంది. వేలు తగిలింది పైన తీగకు, మీ చేతికి అందిన వణుకు మాత్రం కింది బుర్రది. సన్నని తీగ ఒంటరిగా ఎంత ఊగినా పెద్దగా వినబడదు. దాని ముందు నొక్కుకున్న గాలి చుట్టు తిరిగి వెనక ఖాళీలోకి జారుకుంటుంది. గాలిని కదిలించాలంటే వెడల్పు కావాలి. అందుకే తీగ తన ఊపును బొంగుకిస్తుంది, బొంగు బుర్రకిస్తుంది. బుర్ర గోడ అదురుతుంది. లోపలి గాలి బుర్ర నోటి దగ్గర లోపలికీ బయటికీ ఆడుతుంది. ఆ గాలికీ తనదైన స్వరం ఒకటుంది. నోరు అంతే ఉండి కడుపు పెద్దదైతే ఆ స్వరం మంద్రంలోకి దిగుతుంది. తీగ ఆ స్వరానికి దగ్గరగా పలికినప్పుడు బుర్ర ఎదురొచ్చి అందుకుంటుంది.

ఇప్పుడు తాత ఎడమచేతి వేళ్లు చూడండి. మెట్ల మీద దిగుతున్నకొద్దీ ఊగే తీగ పొట్టిదవుతోంది, స్వరం ఎక్కుతోంది. పొడవు సగమైతే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. పొడవు తగ్గించకుండా అంత ఎత్తుకు చేరాలంటే బిగువు నాలుగింతలు చేయాలి. ఒకప్పుడు గుర్రపు వెంట్రుకలు, జంతువుల నరాలు కట్టేవారు. ఉక్కు తీగ అంతకంటే గట్టి బిగువును తట్టుకుంటుంది.

తీగ పలికే తీరును శాస్త్రవేత్తలూ గమనించారు. విశాఖపట్నంలో చదువుకుంటూ పెరిగిన భౌతిక శాస్త్రవేత్త సి.వి. రామన్ 1921లో మన తంబురా, వీణల మీద ఒక వ్యాసం రాశారు. తీగను ఎక్కడ మీటితే అక్కడ నిశ్చలంగా ఉండాల్సిన ఉపస్వరాలు పలకకూడదని పాత సూత్రం. మన వాద్యాల్లో అవీ వినబడుతున్నాయని, తీగ ఆనే వెడల్పాటి వంపు దానికి కారణమని ఆయన చూపించారు. కిన్నెర కూడా అంతటి పరిశీలనకు తగిన వాద్యమే. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలకుంటకు చెందిన కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక దీన్ని చాలామంది చూశారు. ఇక చెవి దగ్గర పెట్టి వినాలి.

వినండి. మీటిన వెంటనే స్వరం గట్టిగా వచ్చి, త్వరగా సన్నబడుతోంది. తీగలో ఉన్న శక్తి కొంతే. బుర్ర దాన్ని ఎంత త్వరగా లాగేసుకుంటే శబ్దం అంత పెద్దది, ఆయుష్షు అంత తక్కువ. పియానో ఈ చిక్కును మరోలా దాటింది. అందులో చాలా స్వరాలకు మూడేసి తీగలుంటాయి. సుత్తి కొట్టగానే మూడూ కలిసి ఊగి పలకను బలంగా కదుపుతాయి. శృతిలో వెంట్రుకవాసి తేడాల వల్ల కాసేపటికి ఒకటి పైకి పోతుంటే మరొకటి కిందికి వస్తుంది. వాటి తోపులు పరస్పరం రద్దై, మిగిలిన శక్తి తీగల్లోనే ఉండి మెల్లగా కారుతుంది. మొదట పెద్ద దెబ్బ, ఆపైన సన్నని సుదీర్ఘ నాదం. భౌతిక శాస్త్రవేత్త గాబ్రియేల్ వైన్‌రైక్ 1977లో దీన్ని వివరించాడు.

తాతకు ఆ పొడవైన తోక అక్కర్లేదు. ఆయన చేతిలోనిది కథ చెప్పే వాద్యం. తీగ తగ్గిన చోట గొంతు అందుకోవాలి. స్వరం మరీ సాగితే మాట మసకబారుతుంది.

"సాయన్న కథ చెప్పు తాతా," అన్నారెవరో వెనక నుంచి. పాలమూరు కథల్లో పేదల పక్షాన నిలిచిన పండుగల సాయన్న పేరు వినగానే చాప మీద జనం దగ్గరికి జరిగారు. తాత తీగ బిగించి, మీటి, మొదటి మాట ఎత్తుకున్నాడు.