కోట చూశాం, జీతగాడి చరిత్ర యెక్కడ?

అమెరికాలోని లూసియానాలో విట్నీ అనే పాత చెరుకుతోట వుంది. 2014 నుంచి అది మ్యూజియం. అక్కడ దొర మేడ కన్నా ముందు నల్లజాతి బానిసల బతుకు చెప్తారు. వాళ్ల పేర్లు రాతిమీద చెక్కారు.

మరి మనం పెనుకొండ పోతే? గగన్ మహల్ చూపిస్తారు. 1565 ఓటమి తర్వాత విజయనగర రాజధాని యిక్కడికొచ్చిన కథ చెప్తారు. హిందూపురం పక్కన లేపాక్షిలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూపిస్తారు. ధర్మవరంలో చెరువు, పట్టుచీర. ఆ రాళ్లు మోసిందెవరు, ఆ చెరువుకట్టకు మట్టి పోసిందెవరు? ఆ మాటే రాదు.

మన సీమలో చెరుకుతోటల దొరలు లేరు గనక బానిసత్వమూ లేదనుకుందామా? వుంది. దాని పేరు జీతం. తండ్రి చేసిన అప్పుకు కొడుకు ఆసామి పశువులు కాశాడు. కపిలకు తోలు కుట్టింది మాదిగ. ఆ బావినీళ్లు మాదిగ ముట్టుకుంటే మైల!

బానిసను ఆస్తిగా కోర్టులు గుర్తించరాదని 1843 చట్టం చెప్పింది. అప్పు జోలికి మాత్రం పోలేదు. బానిస అనే పేరు పోయింది, అప్పు మిగిలింది. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో గానీ రాలేదు. దాని 15వ సెక్షన్ ప్రకారం, అది వెట్టి అప్పు కాదని రుజువు చెయ్యాల్సింది అప్పిచ్చినవాడే. జీతగాడు కాదు.

చరిత్రలోనూ మనకు యీ న్యాయమే కావాలి. "మీ దగ్గర శాసనముందా?" అని మనల్ని అడుగుతారు. చదువు దక్కనివ్వనివాళ్లే కాగితం అడిగితే యెలా? కోట చూసి దిగొచ్చాక వాడలోకి పోదాం. యెవరింట్లో, యెంత అప్పుకు, యెన్నేళ్లు జీతమున్నారో ముసలివాళ్లను అడుగుదాం. పేర్లతో సహా రాసుకుందాం.